కలివికోడి అడుగులు

కడప జిల్లా లంకమల ప్రాంతపు రైతు సోదరులకు కలివి పొదలు కొత్త కావు. వాటి నడుమ తిరుగు కలివికోడి 1900 తరువాత కనిపించక, అంతరించినదనిపించుకొన్నది. 1986లో స్థానికుల సాయముతో మరల దొరికినది. నేటికిని అది అత్యంత ప్రమాదస్థితిలోనున్న పక్షియే.

రాత్రివేళ తిరుగు పిట్ట గదా, లెక్క ఎట్లు? పొదల నడుమ జల్లించిన మట్టిని పట్టీగా పరచి, తెల్లవారి దానిపై పడిన అడుగులు చూతురు. కలివికోడికి మూడే వేళ్ళు, వెనుక వేలు లేదు. తీతువు అడుగులతో పొరబడకుండ కొలతలు తీయవలెను. ఒక రాత్రి అడుగు పడనంతనే పిట్ట లేదనరాదు.

పొదలు మరీ దట్టమైనను, బొత్తిగా నరికినను అది నిలువదు. నిమ్మతోటలకై చదునుచేసిన చోట దానికి తావు లేదు. తోటలు వేయుడని చెప్పు శాఖవాడనే నేను. అయినను అడవి అంచు పొదలు నరుకుటకు ముందు అటవీ సిబ్బందికి కబురంపుడు.