ఉచిత వైద్యం ఎవరి దాకా వస్తోంది?

అపోహ: వైద్యం ఉచితమైతే చాలు, అందరికీ అందినట్టే.

వాస్తవం: ఓపీ చీటీకి పైసా తీసుకోకపోయినా ఆస్పత్రికి వెళ్లిరావడం ఉచితం కాదు. ఆటో కిరాయి, పోయిన రోజు కూలి, తోడు వచ్చినవాళ్ల తిండి ఎవరిస్తారు? 108 అంబులెన్సు ఉచితమే, కానీ అది రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది. పాడేరు ఏజెన్సీలో రోడ్డులేని గూడేల నుంచి నిండు గర్భిణులను డోలీలో మోసుకురావాల్సి వస్తోంది. ఆ తల్లికి రోడ్డే మొదటి వైద్యం.

అపోహ: ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే జబ్బు ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు.

వాస్తవం: 2007లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సల్లో ఎన్నో కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. దాన్ని తక్కువ చేయకూడదు. అయితే అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరాల్సిన జబ్బులకు. బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా కావాలి. అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే దొరకాలి. స్టాకు లేని నెల బయట కొనలేక మానేస్తే, బీపీ పక్షవాతం దాకా వెళ్లొచ్చు. అప్పుడు కార్డు పనికొచ్చినా పడిపోయిన చెయ్యి మళ్లీ మునుపటిలా పనిచేస్తుందన్న భరోసా లేదు. 2021–22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం జేబుల్లోంచే పోయింది.

అపోహ: అందరికీ ఒకే కొలత, అదే న్యాయం.

వాస్తవం: కాదు. అవసరం ఎక్కువున్నచోట ఎక్కువ ఇవ్వడమే న్యాయం. మైదానంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలంటే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికే ఒకటి ఉండాలన్న ప్రభుత్వ ప్రమాణం ఆ ఆలోచనతో పెట్టిందే. భవనం కట్టి డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచితే మాత్రం ఆ ప్రమాణానికి అర్థం లేదు. వేల్స్ బొగ్గుగనుల ఊళ్లో పనిచేసిన డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే ఈ మాట లాన్సెట్ పత్రికలో రాశారు: వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ దొరుకుతుందని, వైద్యాన్ని మార్కెట్‌కు వదిలిన కొద్దీ ఈ తేడా పెరుగుతుందని.

అపోహ: సర్కారు దవాఖానా పేదల గొడవ.

వాస్తవం: టీబీ గాలిలో వ్యాపిస్తుంది. బస్తీలో సర్కారు దవాఖానా దాన్ని పట్టుకోకపోతే అపార్టుమెంటుకూ రావచ్చు.

ఈసారి గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగండి: మన ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉన్నారా? ఈ నెల బీపీ, షుగర్ మాత్రలు వచ్చాయా? ఊరి చివరి ఇంటిదాకా అంబులెన్సు వస్తుందా?