తూకపురాయిని తూచేదెవరు?

నా చిన్నతనంలో నాయన కోడుమూరు నుంచి ఆదోనికి పత్తి తోలుకొని వెళ్ళేవాడు. ఒక యేడు, ఇంటి దగ్గర తూచి కట్టిన మూట అక్కడ కాటా ఎక్కేసరికి నాలుగు కిలోలు తగ్గింది. నాయన పోట్లాడలేదు. "రాయి వాళ్ళది, మాట వాళ్ళది. ఆ రాయిని తూచిందెవరు?" అన్నాడు, అంతే.

విచిత్రమేమిటంటే, ఆ ప్రశ్న ప్రపంచంలోని పెద్ద శాస్త్రజ్ఞులనూ వేధించింది!

కిలో అంటే యెంత? 1889 నుంచి దానికి జవాబు పారిస్ దగ్గర సెవ్ర్ అనే చోట గాజుబుడ్ల కింద భద్రపరచిన ఒక లోహపు ముద్ద. ప్లాటినమూ ఇరిడియమూ కలిపి పోసినది. దాని నకళ్ళు దేశదేశాలకూ పంచారు. 57వ నంబరుది మన ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో వుంది. ఆ కిలోలే 1958 నుంచి మన బజారుకు వచ్చి సేర్లనూ వీశెలనూ క్రమంగా సాగనంపాయి.

నూరేళ్ళలో అసలుకూ నకళ్ళకూ సుమారు 50 మైక్రోగ్రాముల తేడా కనబడింది. గ్రాములో ఇరవై వేలవ వంతు! అసలు తగ్గిందా, నకళ్ళు పెరిగాయా? చెప్పే దారి లేదు. ఆ ముద్ద యెంత వుంటే అంతే కిలో అయినప్పుడు, దాన్ని తప్పుపట్టేదెవరు? నాయన మాటే కదా!

మీటరుకు ఈ చిక్కు ముందే తీరింది. ఎమ్మిగనూరు మగ్గాల మీద బట్టను మూరతో కొలిస్తే ఒక్కొక్కరి చెయ్యి ఒక్కొక్క కొలత. వెలుతురుకు ఆ భేదం లేదు. శూన్యంలో దాని వేగం యెక్కడైనా ఒక్కటే. అందుకే 1983లో, సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో వెలుతురు నడిచే దూరమే మీటరు అని నిర్ణయించారు. ఆ సెకనును కొలిచేదేమో సీసియం పరమాణువు.

2019 మే 20 నుంచి కిలోకూ అదే దారి. ఒక పక్క బరువు, దానికి సరితూగేందుకు రాయికి బదులు అయస్కాంతాల నడుమ విద్యుత్తు పారే తీగచుట్ట. ఆ విద్యుత్తు లెక్క నుంచి ప్లాంక్ స్థిరాంకమనే ప్రకృతి సంఖ్య ఆధారంగా బరువు తేలుతుంది. ఆ సంఖ్య అరగదు, తుప్పు పట్టదు, యెవరి ఇనప్పెట్టెలోనూ వుండదు.

అయితే ప్రకృతి సంఖ్య తనంత తాను ఆదోని కాటా దాకా నడిచిరాదు. ఢిల్లీ నుంచి రాష్ట్రానికీ, అక్కడి నుంచి తూనికల శాఖ వేసే ముద్రకూ అది మెట్లు దిగి రావాలి. ఆఖరి మెట్టు మన కళ్ళే. సరుకు కాటా మీద పెట్టేముందు ఆ ముద్ర వుందో లేదో, ముల్లు సున్న మీద వుందో లేదో చూడండి.

నాయన అడిగిన ప్రశ్నకు శాస్త్రం జవాబు చెప్పింది. దాన్ని బజారులో అడిగి రాబట్టుకోవలసింది మనం.