పలకని కంప్యూటర్, గుయ్యిమనే స్పీకర్

ఇంట్లో కంప్యూటర్ శబ్దం గురించి వచ్చే ఫిర్యాదులు రెండే రకాలు. ఒకటి, రావలసిన శబ్దం రాకపోవడం. రెండోది, రాకూడని శబ్దం రావడం. మొదటిదానికి కారణం ఎక్కువగా సెట్టింగులలో దొరుకుతుంది. రెండోదానికి ఎక్కువగా ఇంటి కరెంటులో దొరుకుతుంది. ఈ తేడా తెలియక విండోస్‌ను చెరిపి మళ్లీ ఎక్కించేవారు చాలామంది. తిరువూరు పట్టణంలో రిపేరుకు ఇచ్చే ముందు ఇంట్లోనే తేల్చుకోగల సంగతులు కొన్ని ఉన్నాయి.

పాట ప్రోగ్రాంలో మొదలై విండోస్ మిక్సర్, డ్రైవర్, మదర్‌బోర్డు మీది సౌండ్ చిప్ దాటుకుని, వైరు వెంట స్పీకర్‌కు చేరుతుంది. డ్రైవర్ అంటే ఆ చిప్‌ను ఎలా నడపాలో విండోస్‌కు తెలిపే ప్రోగ్రాం. ముందు ఈ దారిని మధ్యలో తెంపి చూడాలి. స్పీకర్ వైరును కంప్యూటర్ నుంచి తీసి, హెడ్‌ఫోన్ జాక్ ఉన్న ఫోన్‌కో టీవీకో పెట్టండి. మోగితే స్పీకర్ మంచిదే. మోగకపోతే కంప్యూటర్ జోలికి వెళ్లనక్కర్లేదు.

కంప్యూటర్ వైపే లోపమని తేలితే వెనక జాక్‌లు చూడండి. సాధారణంగా ఆకుపచ్చది స్పీకర్‌కు, గులాబీది మైక్‌కు. క్యాబినెట్ ముందు వైపు జాక్ పనిచేయాలంటే లోపలి నుంచి ఒక సన్నని వైరు మదర్‌బోర్డుకు తగిలించి ఉండాలి. బిగించేటప్పుడు దాన్ని వదిలేస్తే ఆ జాక్ ఎప్పటికీ పలకదు. అందుకే పరీక్ష ఎప్పుడూ వెనక జాక్‌లోనే చేయాలి.

తరచుగా కనిపించే కారణం హెచ్‌డీఎంఐ వైరు. అది బొమ్మతో పాటు శబ్దాన్నీ మోసుకుపోతుంది. కొత్త మానిటర్ తగిలించగానే విండోస్ ఒక్కోసారి శబ్దాన్ని దానికే పంపుతుంది. ఆ మానిటర్‌లో స్పీకర్ లేకపోతే ఇల్లు నిశ్శబ్దం. తెర కింద కుడి మూలనున్న స్పీకర్ గుర్తు నొక్కి, పరికరాల జాబితాలో మానిటర్ పేరు బదులు స్పీకర్లను ఎంచుకుంటే పాట మోగుతుంది. అక్కడే వాల్యూమ్ మిక్సర్ కూడా తెరవండి. ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో వాల్యూమ్ ఉంటుంది, బ్రౌజర్ శబ్దం ఒక్కటే ఆపి ఉండవచ్చు. అప్పటికీ పలకకపోతే విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో సౌండ్ పరికరం పక్కన పసుపు త్రికోణం ఉందేమో చూడండి. ఉంటే లోపం ఎక్కువగా డ్రైవర్‌ది. దాన్ని తీసేసి, కంప్యూటర్ తయారీదారు సైటు నుంచి మళ్లీ ఎక్కించాలి.

వీడియో కాల్ మొదలవగానే పాట ఒక్కసారిగా తగ్గిపోతే అది లోపం కాదు. కాల్ వస్తే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమని విండోస్‌లో ముందే పెట్టి ఉంటుంది. పాత సౌండ్ సెట్టింగులలో కమ్యూనికేషన్స్ అనే చోట దాన్ని మార్చుకోవచ్చు.

ఇదంతా పాటల కోసమే అనుకోకండి. చూపులేనివారు ఎన్‌వీడీఏ వంటి చదివి వినిపించే ప్రోగ్రాంతో కంప్యూటర్ వాడతారు. ఈస్పీక్ ఎన్‌జీ గొంతుతో అది తెలుగు కూడా చదువుతుంది. శబ్దం పోతే వారికి తెర మొత్తం పోయినట్టే. అలాంటి ఇంట్లో ఈ మెట్లు మరొకరికి తెలిసి ఉండి తీరాలి.

ఇక రాకూడని శబ్దం. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. స్పీకర్‌లో ఎడతెగకుండా వినిపించే లోతైన గుయ్యిమనే మోత ఈ 50దో, దానికి రెట్టింపైన 100దో. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి వినండి. మోత ఆగిపోతే అది కరెంటు దారిన వస్తోంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే బర్రుమంటుంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ కావచ్చు. సైన్ వేవ్ రకంతో ఆ బాధ తగ్గుతుంది. కంప్యూటర్‌ను టీవీకి కలిపినప్పుడే మోత వస్తుంటే సెట్‌టాప్ బాక్స్ నుంచి కేబుల్ వైరు తీసి చూడండి. కేబుల్‌కు ఎక్కడో వేరే ఎర్త్ ఉండి, రెండు ఎర్త్‌ల మధ్య కరెంటు పారుతుంటే మోత పుడుతుంది. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను ఆడియో వైరులో పెడితే ఆ దారి తెగుతుంది.

క్యాబినెట్ ఇనుప భాగాన్ని తాకితే వేళ్లకు జివ్వుమంటోందా? అయితే ఎర్త్ లేదని అనుమానించాలి. కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటు రొదను వడగట్టే కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్త్‌కు పంపుతాయి. ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ మీదే నిలుస్తుంది. అప్పుడు క్యాబినెట్ దాదాపు సగం వోల్టేజీలో ఉంటుంది, టెస్టర్ పెడితే వెలుగుతుంది. త్రీ పిన్ ప్లగ్‌లో లావుపాటి పిన్ ఎర్త్‌ది. మిగతా రెండింటికన్నా ముందు తగలాలనే దాన్ని పొడవుగా చేస్తారు. టూ పిన్ అడాప్టర్ వాడితే ఆ రక్షణ పోతుంది. మూడు రంధ్రాలున్నా లోపల ఎర్త్ వైరే లేని ఎక్స్‌టెన్షన్ బాక్సులూ ఉంటాయి.

తిరువూరు మెట్ట ప్రాంతం. వేసవిలో నేల ఎండితే ఎర్త్ గుంతలోని ఉప్పు, బొగ్గు కూడా ఎండిపోయి, కరెంటు నేలలోకి దిగడం కష్టమవుతుంది. అందుకే గుంతలో నీళ్లు పోయాలి. ఇక ప్రమాదకరమైన పద్ధతి ఒకటుంది, గుంత తవ్వకుండా సాకెట్ వెనక న్యూట్రల్‌ను ఎర్త్ పిన్‌కు కలిపేయడం. ఎర్త్ ఉందో లేదో చూడటానికి ఫేజ్‌కూ ఎర్త్ పిన్‌కూ మధ్య పెట్టే పరీక్ష బల్బు అప్పుడూ వెలుగుతుంది, మోత కూడా తగ్గవచ్చు. కానీ న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగిందంటే క్యాబినెట్‌కు నిండు కరెంటు వస్తుంది.

మోత పోతుందని ఎర్త్ పిన్ విరిచేయకండి. క్యాబినెట్ జివ్వుమంటే స్పీకర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ప్లగ్ తీసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సాకెట్ విప్పి, న్యూట్రల్‌తో కలపలేదని చూపించమని అడగండి.