వెనక చక్రం గీసే గీత

వాన పడ్డ మర్నాడు నంగునూరు పొలం బాటల్లో ఏదో ఒక మలుపు దగ్గర ఆగి చూస్తే, ట్రాక్టర్ ట్రాలీ వెళ్లిన జాడ బురదలో అచ్చుపడి ఉంటుంది. ముందు టైరు గట్టుకు ఎడంగా విశాలంగా తిరిగింది. వెనక పెద్ద టైరు దానికి కాస్త లోపలగా వెళ్లింది. ట్రాలీ చక్రం ఇంకా లోపలికి జరిగి గట్టు అంచును నలిపేసి పోయింది. బాట తిన్నగా మారాక ఆ మూడు గీతలూ మెల్లగా మళ్లీ దగ్గరవుతాయి.

సిద్దిపేట దగ్గర రాజీవ్ రహదారి మీద ట్రైలర్ లారీ మలుపు తిరిగినా ఇదే జరుగుతుంది. తారు మీద గీత పడదు కాబట్టి ఎవరికీ కనబడదు, అంతే.

ఈ గీత మహామహులను ఆలోచనలో పడేసింది. 1670లలో పారిస్‌లో క్లాడ్ పెరో అనే వైద్యుడు జేబు గడియారాన్ని బల్ల మీద పెట్టి, గొలుసు కొసను బల్ల అంచు వెంబడి లాగి చూపించాడు. చెయ్యి తిన్నగానే పోయింది. గడియారం మాత్రం వంపు తిరుగుతూ కొద్దికొద్దిగా అంచుకు దగ్గరైంది. ఆ వంపు లెక్క చెప్పండని ఆయన పండితులను అడిగాడు. 1692లో హైగెన్స్ దానికి ట్రాక్ట్రిక్స్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు మూలం లాగడమే. మరుసటి ఏడాది లైబ్నిజ్ తన లెక్కను అచ్చువేయించి, పెరో గడియారం ముచ్చట కూడా అందులో రాశాడు. ట్రైలర్ లారీ పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందే దాని వెనక చక్రం దారి కాగితమ్మీదికి ఎక్కిందన్నమాట.

బండికి ఈ లెక్కను వర్తింపజేయాలంటే పదో తరగతి పైథాగరస్ సూత్రం చాలు. ముందు చక్రం 12 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరుగుతోందనుకుందాం. ముందు బండి ఇరుసుల మధ్య దూరం 3.5 మీటర్లయితే దాని వెనక ఇరుసు సుమారు 11.5 మీటర్ల వలయంలో నడుస్తుంది. దాని మీద ఆనిన ట్రైలర్‌కు అతుకు నుంచి ఇరుసు దాకా 8 మీటర్లుంటే, ఆ చక్రాలు 8.2 మీటర్ల వలయానికి కుదించుకుపోతాయి. తేడా దాదాపు 3.8 మీటర్లు. రెండు వరుసల రోడ్డులో ఒక్కో వరుస వెడల్పే మూడున్నర మీటర్లు! కూడలి మలుపు పూర్తి వలయం కాదు కాబట్టి తేడా అంత దాకా పోదు. అయినా పక్కన నిలబడ్డ బైకును మింగేయడానికి అందులో సగం చాలు.

ఇంత బరువును లాగుతూ, మళ్లీ అటూ ఇటూ తిరగనిచ్చే అతుకు ఎలా ఉంటుంది? దాని పేరు ఐదో చక్రం. గుర్రపు బండ్లలో ముందు ఇరుసు తిరగడానికి దాని మీద పడుకోబెట్టినట్టు ఒక గుండ్రటి కట్టు ఉండేది. నాలుగు చక్రాల బండికి అది ఐదోది. లారీలో అది గ్రీజు పూసిన మందపాటి ఇనుప పళ్లెం, వెనకవైపు గుర్రపు నాడాలా చీలి ఉంటుంది. ట్రైలర్ అడుగున వేలాడే కింగ్ పిన్ ఆ చీలికలోకి జారగానే లోపలి దవడలు దాన్ని పట్టేస్తాయి. తెలివంతా పని పంచడంలో ఉంది. బరువును పళ్లెం మోస్తుంది, లాగుడును పిన్ భరిస్తుంది. అందుకే టన్నుల సరుకును లాగే ఆ పిన్, దవడలు పట్టే చోట, రెండంగుళాల మందం ఉంటే సరిపోతోంది.

ఇలాంటి ట్రైలర్ల తొలి రోజుల్లో, 1914లో, డెట్రాయిట్ కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్ ఒక కలప వ్యాపారి పడవను మోయడానికి ఫోర్డ్ మోడల్ టీ కారు వెనక బండి కట్టాడు. ఆ వ్యాపారే తర్వాత కలపకూ అలాంటిది కావాలన్నాడు. ఆ తర్వాత గాలి బ్రేకులు, పవర్ స్టీరింగ్, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, తిరిగే వెనక ఇరుసులు, కెమెరాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వెనక చక్రం లోపలికి కోయడం మాత్రం మామూలు ట్రైలర్లలో అలాగే ఉంది.

మన రోడ్ల మీద ఎడమ మలుపే ఇరుకు. డ్రైవర్ కూర్చునేదేమో కుడివైపు. కేబిన్ ఎడమకు తిరిగేకొద్దీ ఎడమ అద్దం నిండా ట్రైలర్ గోడే కనిపిస్తుంది. ముందే కుడికి జరిగి మలుపు తీసుకుంటే ఎడమన ఖాళీ ఏర్పడుతుంది. దారి ఇచ్చాడనుకుని ఏ స్కూటరో అందులో దూరుతుంది. ఆ ఖాళీని కాసేపట్లో వెనక చక్రాలు మూసేస్తాయి. చెయ్యి తిరిగిన డ్రైవర్ అలా చేయడు. ట్రైలర్ తోకను ఎడమ అంచుకు దగ్గరగానే ఉంచి, నడక వేగానికి తగ్గి, కేబిన్‌ను కూడలి లోపలిదాకా తిన్నగా పోనిచ్చి అప్పుడు స్టీరింగ్ తిప్పుతాడు. ఎదురుగా వచ్చేవాళ్లు హారన్లు కొట్టినా తొందరపడడు. ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టిన క్లీనర్ తలుపు మీద అరచేత్తో కొడుతూ "పోనియ్ అన్నా, పోనియ్" అంటాడు. మూలన ఉన్న రాయిని ఆఖరి టైరు జానెడు దూరంలో దాటేదాకా అతని చూపు దాని మీదే.