కొత్త కారుకు షోరూం కోటింగ్ కావాలా? అపోహలు – వాస్తవాలు

చేవెళ్ల, మొయినాబాద్ వైపు కారు కొనేవాళ్లలో చాలామంది హైదరాబాద్ షోరూంలకే వెళ్తారు. ధర తేలి, లోన్ మంజూరై, డెలివరీ తేదీ ఖాయమయ్యాక చేతికి ఇంకో కాగితం వస్తుంది. పెయింట్ ప్రొటెక్షన్, టెఫ్లాన్ కోటింగ్, సెరామిక్ కోటింగ్, అండర్ బాడీ కోటింగ్ అని అందులో వరుసగా రాసి ఉంటుంది. ‘మీ దిక్కు రోడ్లన్నీ దుమ్మే కదా సార్, కోటింగ్ లేకపోతే ఏడాదికే మెరుపు పోతుంది’ అంటారు. పది లక్షలు పెట్టి బండి కొన్న మనిషికి ఆ క్షణంలో ఇంకో ముప్పై వేలు చిన్న మొత్తంగానే కనిపిస్తాయి, సంతకం పెట్టేస్తాడు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ ప్రాంతంలో తిరిగే బండికి షోరూంలో వేసే కోటింగ్ దండగ. పెయింట్‌కు రక్షణ అక్కర్లేదని నేననడం లేదు. ఆ రక్షణలో పెద్ద భాగం ఫ్యాక్టరీలోనే వచ్చేసింది. మిగిలింది బండిని ఎలా కడుగుతాం, ఎక్కడ నిలుపుతాం అన్నదాని మీద ఉంది. ఆ రెండూ షోరూంలో అమ్మే సరుకులు కావు.

అన్నిటికంటే బలంగా నాటుకున్న అపోహ, కంపెనీ వేసిన పెయింట్ ‘పచ్చిగా’ ఉంటుందనీ, వెంటనే పైన ఏదో పూయకపోతే పాడవుతుందనీ. కారు బాడీకి ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో చూస్తే ఈ మాట నిలబడదు. ముందు రేకు మీద జింక్ ఫాస్ఫేట్ పొర ఎక్కిస్తారు. తర్వాత బాడీ మొత్తాన్ని పెయింట్ తొట్టిలో ముంచి కరెంటు పంపుతారు. డోర్ల లోపలి మూలలకూ, చేయి దూరని సందులకూ ఆ పూత చేరుతుంది. దాన్ని ఓవెన్‌లో 160 నుంచి 180 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆపైన ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర. ఇవన్నీ కలిపి మందం సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థాలను అందులోనే కలుపుతారు, దాన్నీ 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. అంటే బండి ఫ్యాక్టరీ గేటు దాటేసరికే దాని పెయింట్ పూర్తిగా గట్టిపడి ఉంటుంది. పెయింట్ ఆరడానికి కొన్ని వారాలు పడుతుందన్న మాట అసలు లేకపోలేదు. కానీ అది యాక్సిడెంట్ తర్వాత షెడ్డులో మళ్లీ రంగు వేయించిన భాగాలకు వర్తిస్తుంది. లోపల వైర్లు, ప్లాస్టిక్ సామాన్లు ఉన్న బండిని అక్కడ 140 డిగ్రీల్లో కాల్చలేరు కాబట్టి 60 డిగ్రీల దగ్గర ఆరబెడతారు. కొత్త బండికి ఆ బాధ లేదు, కనుక డెలివరీలోపే కోటింగ్ అయిపోవాలన్న తొందరకూ అర్థం లేదు.

టెఫ్లాన్ సంగతి తొందరగానే తేలిపోతుంది. పెనాల మీద ఆ పదార్థం అంటుకుని ఉండాలంటే దాన్ని అతివేడిలో కాల్చక తప్పదు. టెఫ్లాన్ కరగాలంటేనే సుమారు 327 డిగ్రీల వేడి కావాలి. కారు బానెట్‌ను ఆ వేడికి గురిచేస్తే పెయింటే మిగలదు. అందుకే షోరూంలో ‘టెఫ్లాన్ కోటింగ్’ పేరుతో రుద్దేది నిజానికి ఒక పాలిష్. ఆ పొడి కాస్త కలిసి ఉండవచ్చు, కానీ పెనం మీద పట్టినట్టు బానెట్‌కు పట్టదు. కొన్ని నెలలు మెరుస్తుంది, తర్వాత పోతుంది. ఒక మంచి వ్యాక్స్ డబ్బా చేసే పని ఇదే, ఖర్చు మాత్రం అందులో ఎన్నో వంతు.

సెరామిక్ దానికంటే మెరుగైనదే, అందుకే దాని గురించి ఎక్కువ మాట్లాడాలి. సిలికాన్ డయాక్సైడ్ ఆధారంగా తయారైన ఈ ద్రవం పెయింట్ మీద నిజంగానే గట్టిగా అతుక్కుంటుంది, నీళ్లను నిలవనివ్వదు, మురికి తేలిగ్గా వదిలేలా చేస్తుంది. ఇంతవరకు నిజం. కానీ ‘9హెచ్ గట్టిదనం, గీతలు పడవు’ అనే దగ్గర పేచీ మొదలవుతుంది. 9హెచ్ అన్నది పెన్సిళ్ల కొలత. మెత్తని పెన్సిల్ నుంచి గట్టి పెన్సిల్ దాకా వరుసగా పూత మీద ఒత్తి నడిపి, ఏ పెన్సిల్ దాకా గీత పడలేదో చూస్తారు. ఆ వరుసలో చివరిది 9హెచ్. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంతో దీనికి సంబంధం లేదు. ఆ కొలమానంలో 10 వజ్రానిది, 9 కురువిందానిది. వినేవాడి మనసులో మాత్రం ఈ రెండు తొమ్మిదులూ ఒకటైపోతాయి. ఇప్పుడు మన రోడ్ల మీది దుమ్ము చూడండి. కంకర, రోబో శాండ్ వేసుకుని పోయే టిప్పర్ల నుంచి రాలేది చాలావరకు గ్రానైట్ పొడి. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ మోస్ కొలమానంలో 7, ఫెల్డ్‌స్పార్ 6. పెన్సిల్ గీతను తట్టుకున్న పూత ఈ రాతిపొడి గీతను తట్టుకోవాలన్న నియమమేమీ లేదు. పైగా ఆ పూత మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. పొద్దున్నే పొడిగుడ్డతో బానెట్ తుడిచే అలవాటు మన ఇళ్లలో, అపార్టుమెంట్లలో ఎంతగా పాతుకుపోయిందో తెలిసిందే. ఆ గుడ్డ కింద నలిగే రాతిపొడి సెరామిక్ ఉన్న బండినీ గీస్తుంది, లేని బండినీ గీస్తుంది. ఎండలో చూస్తే కనిపించే సన్నని గుండ్రటి గీతల్లో ఎక్కువ భాగం రోడ్డు మీద వచ్చినవి కావు, తుడవడంలో వచ్చినవి.

ఈ ప్రాంతంలో ఎదురయ్యే ఇంకో సమస్య పక్షుల రెట్ట. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు పొడవునా వందల మర్రిచెట్లున్నాయి. వాటిని కొట్టేయకుండా కాపాడాలని పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి పోరాడారు. అవి ఉండాలి, వాటి నీడలో బండి ఆపుకోవడమూ సహజమే. మర్రిపండ్లు తిన్న పక్షులు బానెట్ మీద వేసే రెట్టకు కోటింగ్ మందు అని అమ్మకందారు చెబుతాడు. రెట్టలోని యూరిక్ ఆమ్లం మాట ఎలా ఉన్నా, మచ్చ పడటంలో అసలు నేరం వేడిది. ఎండలో ముదురురంగు బానెట్ 70 డిగ్రీల దాకా కాలుతుంది, క్లియర్ కోట్ కాస్త మెత్తబడి వ్యాకోచిస్తుంది. దాని మీదే రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడి క్లియర్ కోట్ ముడుచుకునేటప్పుడు ఆ ఎగుడుదిగుడు ఆకారం దాని మీద అచ్చుపడిపోతుంది. మధ్యలో ఒక మైక్రాన్ పూత ఉన్నంత మాత్రాన ఇది ఆగదు, కాస్త వ్యవధి దొరుకుతుందంతే. రెట్ట పడిన గంటల్లోపే తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి, నానాక తీసేస్తే కోటింగ్ లేని బండికీ మచ్చ పడదు. ‘ఫ్యాక్టరీల పొగ, యాసిడ్ వాన’ అన్న మాట కూడా వినిపిస్తుంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను నిషేధించింది. మొయినాబాద్, చేవెళ్ల మండలాల ఊళ్లు ఆ జాబితాలో ఉన్నాయి. ఆ జీవో మీద రాజకీయం ఎటు తిరిగినా, ఇన్నేళ్లూ ఈ ఊళ్లకు పారిశ్రామిక పొగ బెడద తక్కువే. ఇక్కడ పెయింట్‌కు ఎక్కువ హాని చేసేది బోరు నీళ్లు. మన రాతినేలల బోర్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కడిగాక ఎండలో ఆరనిస్తే తెల్ల మచ్చలు మిగులుతాయి. సెరామిక్ మీద నీళ్లు బొట్లుబొట్లుగా నిలుస్తాయి కాబట్టి, తుడవకుండా వదిలేస్తే లవణమంతా ఆ బొట్టు ఉన్నచోటే పేరుకుని మచ్చ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. బ్రోచర్‌లో అందంగా కనిపించే ఆ ముత్యాల బొట్లు బోరు నీళ్లతో కడిగే ఇంట్లో అదనపు చాకిరీ తెచ్చిపెడతాయి.

అండర్ బాడీ కోటింగ్‌ది వేరే కథ. అది పుట్టింది మంచుదేశాల్లో. శీతాకాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్లు బండి అడుగును తినేస్తాయి. తుప్పు పట్టకుండా చేసే వ్యాపారానికి పేరుమోసిన జీబార్ట్ కంపెనీ 1959లో అమెరికాలోని డెట్రాయిట్‌లో మొదలైంది. అప్పటి కార్లకు ఇప్పటిలా తొట్టిలో ముంచి కరెంటుతో పట్టించే పూత లేదు, జింక్ పూసిన రేకు వాడకమూ అరుదు. చేవెళ్లలో మంచూ లేదు, ఉప్పుగాలీ లేదు. విశాఖపట్నంలోనో కాకినాడలోనో సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఈ కోటింగ్ గురించి ఆలోచించే కారణం ఉంది. ఇక్కడి నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మట్టిరోడ్డు మీద పొలానికి వెళ్లొచ్చే బండికి అడుగున పేరుకున్న బురదను వానాకాలంలో అప్పుడప్పుడూ గట్టి నీటిధారతో కడిగించడం చాలు. సరిగా వేయని అండర్ కోటింగ్ నీళ్లు బయటికి పోయే రంధ్రాలను మూసేస్తుంది, అప్పుడు లేని తుప్పును తెచ్చుకున్నట్టే.

‘ఐదేళ్ల వారంటీ ఇస్తున్నారు కదా’ అనేవాళ్లు ఆ కాగితం వెనక్కి తిప్పి చదవాలి. రాయి తగిలిన దెబ్బలు, గీతలు, రెట్ట మచ్చలు, నీటి మచ్చలు వర్తించవని చాలా వారంటీల్లో రాసి ఉంటుంది. ఇన్ని నెలలకోసారి అదే షోరూంలో డబ్బు కట్టి మెయింటెనెన్స్ చేయించకపోతే మొత్తం చెల్లదని కూడా ఉంటుంది. జనం ఏ భయాలతో కొన్నారో వాటినే మినహాయించిన వారంటీ అది. పనితనం ఇంకో ప్రశ్న. సెరామిక్ సరిగా వేయాలంటే బండిని కడిగి, అంటుకున్న మురికిని క్లేతో తీసి, పాలిష్ పట్టి, నూనె మరక లేకుండా తుడిచి, దుమ్ములేని గదిలో ఒక్కో భాగానికీ పూసి, గంటల తరబడి కదపకుండా ఉంచాలి. రేపు డెలివరీ అనగా ఇవాళ మధ్యాహ్నం వాషింగ్ బేలో ఈ పనులన్నీ జరుగుతాయని నమ్మడం కష్టం. కోటింగ్ వేయించకపోతే కంపెనీ పెయింట్ వారంటీ పోతుందని ఎవరైనా అంటే, ఆ మాట రాసివ్వమని అడగండి. తయారీదారు ఇచ్చే వారంటీకీ డీలర్ విడిగా అమ్మే కోటింగ్‌కూ ముడి లేదు.

నా వాదనకు కొన్ని న్యాయమైన అభ్యంతరాలున్నాయి. మెరుపు బాగుంటుంది, కడగడం తేలికవుతుంది, ఆ సుఖానికి డబ్బు పెడితే తప్పేంటి అనవచ్చు. తప్పేమీ లేదు. అయితే దాన్ని రక్షణ అనుకుని కొనకండి, నిదానంగా నాలుగుచోట్ల విచారించి విడిగా ఈ పనే చేసేవాళ్ల దగ్గర చేయించుకోండి. అమ్మేటప్పుడు మంచి ధర వస్తుందన్న వాదనలో బలం తక్కువ. పాత కారు కొనేవాడు చూసేది యాక్సిడెంట్ అయిందా, ఏ డోరుకైనా మళ్లీ రంగు పడిందా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నవి. ఐదేళ్ల కింద వేసిన కోటింగ్ రసీదుకు అక్కడ విలువ కట్టరు. నేను పూర్తిగా ఒప్పుకునే అభ్యంతరం టిప్పర్లది. రోజూ చేవెళ్ల నుంచి నగరానికి కంకర లారీల వెనక వెళ్లొచ్చేవాళ్ల బంపర్, బానెట్ అంచు, అద్దాల ముందువైపు రాళ్ల దెబ్బలకు చిట్లుతాయి. దీనికి ద్రవరూపంలో మందు లేదు. పీపీఎఫ్ అనే పాలీయురేథేన్ ఫిల్మ్ ఒక్కటే పనిచేస్తుంది. దాని మందం 150 నుంచి 200 మైక్రాన్లు, అంటే మొత్తం పెయింట్ కంటే ఎక్కువ. బండి మొత్తానికి అది చాలా ఖరీదు, కానీ ముందుభాగానికి మాత్రం వేయించుకోవడం అర్థమున్న ఖర్చు. ఫిల్మ్ ఏ కంపెనీది, మందం ఎంత, వారంటీ ఫిల్మ్ తయారీదారుదా లేక షాపువాళ్లదా అని అడగాలి. బండి కొలతలకు ముందే కత్తిరించిన ఫిల్మ్ వాడతారా, బానెట్ మీదే బ్లేడుతో కోస్తారా అన్నది మరీ ముఖ్యం. బ్లేడు జారితే క్లియర్ కోట్ తెగుతుంది.

ఇక డబ్బు లెక్క. 30 వేల ప్యాకేజీకి 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దాన్ని లోన్‌లో కలిపి 9 శాతం వడ్డీకి ఐదేళ్లు కడితే నెలకు సుమారు 735, మొత్తం 44 వేలు దాటుతుంది. ‘ఈఎంఐలో తెలియను కూడా తెలియదు’ అన్న మాట 30 వేల మీద అదనంగా పడే ఆ పద్నాలుగు వేలను దాచిపెడుతుంది. ‘మీకు ఫ్రీగా ఇస్తున్నాం’ అంటే, అది వద్దు, ఆ మేరకు ధర తగ్గించమని అడిగి చూడండి. ప్యాకేజీ తీసుకోకపోతే బండి ఆలస్యమవుతుందని బెదిరిస్తే జంకనక్కర్లేదు. ఒక వస్తువు అమ్మడానికి ఇంకో వస్తువో సేవో కొనాలని షరతు పెట్టడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వాణిజ్య పద్ధతిగా లెక్కిస్తుంది. బుకింగ్ రోజే ‘కోటింగ్‌లు, యాక్సెసరీలు వద్దు’ అని కొటేషన్ మీద రాయించుకోండి. అయినా వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

మిగిలిన డబ్బులో చాలా కొద్దిగా పెడితే పెయింట్ చక్కగా ఉంటుంది. కార్ల షాంపూ, రెండు బకెట్లు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక వ్యాక్స్ డబ్బా కొనుక్కోండి. ముందు నీళ్లు కొట్టి దుమ్ము జారిపోనివ్వాలి, ఆ తర్వాతే గుడ్డ తాకాలి. గుడ్డ జాడించడానికి ఒక బకెట్, షాంపూ నీళ్లకు ఇంకోటి. ఎండలో కడగొద్దు, కడిగిన వెంటనే తడి తుడిచేయాలి, రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ పట్టించాలి. పొద్దున్నే దుమ్ము దులిపే మనిషికి పొడిగుడ్డ ఇవ్వకండి. బండి కొన్నరోజే చిలుకూరు బాలాజీ గుడికి తీసుకెళ్లి పూజ చేయించేవాళ్లు బానెట్ మీది పసుపు కుంకుమలను కూడా ఆ సాయంత్రానికల్లా నీళ్లతోనే కడిగేయాలి, ఎండిన పొడిని చేత్తో రుద్దకూడదు.