పాములు, తేళ్లు: పొలంలో, ఇంటి చుట్టూ రైతులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

తొలకరి పడి దుక్కులు, నాట్లు మొదలయ్యే రోజుల్లోనే పాముకాట్లు కూడా పెరుగుతాయి. వాన నీటికి బొరియలు మునిగి పాములు గట్ల మీదికి, ఇళ్ల వైపు వస్తాయి. అదే సమయంలో రైతులు, కూలీలు తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా పొలంలోనే ఉంటారు. 2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు ఒక్కసారిగా పెరిగింది ఇలాంటి సాగు రోజుల్లోనే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. వీరిలో ఎక్కువమంది పల్లెవాసులే. మరణాల్లో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే జరిగాయి.

పాములన్నీ విషపూరితం కావు, పైగా అవి ఎలుకలను తిని పంటకు మేలు చేస్తాయి. అందుకే పామును వెతికి చంపడం కంటే మన కాలు, చెయ్యి, పడక ఎక్కడ పెడుతున్నామో చూసుకోవడం ముఖ్యం. కరిస్తే గంట కూడా వృథా చేయకుండా ఆసుపత్రికి చేరాలి.

గుర్తించాల్సిన నాలుగు పాములు

నాగుపాము (తాచు): పడగ విప్పుతుంది. ఎలుకల కోసం గట్లలోని బొరియల్లో, ధాన్యం కొట్లలో చేరుతుంది. కరిచిన చోట నొప్పి, వాపు వచ్చి, తరువాత కనురెప్పలు వాలిపోయి శ్వాస కష్టమవుతుంది.

కట్లపాము: నల్లగా నిగనిగలాడుతుంది. వీపు మీద సన్నని తెల్లని కట్లు ఉంటాయి. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, కాటు గుర్తు కూడా కనిపించకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషి రాత్రిగానీ తెల్లవారుజామునగానీ కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలుస్తూ, మాట ముద్దగా మాట్లాడితే దాన్ని అజీర్తి అనుకోకూడదు. కట్లపాము కాటుగా అనుమానించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రక్తపింజర: లావుగా, గోధుమరంగులో ఉంటుంది. వీపు మీద గొలుసు లాంటి మచ్చల వరుసలు ఉంటాయి. దగ్గరికి వెళితే కుక్కర్ ఈలలా గట్టిగా బుసకొడుతుంది. విపరీతమైన నొప్పి, వాపు వస్తాయి. చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

చిన్న పింజర: సాధారణంగా రెండడుగుల లోపే ఉంటుంది. మెట్ట భూముల్లో, రాళ్ల గుట్టల్లో కనిపిస్తుంది. పొలుసులు రుద్దుకుంటూ గరగరమని శబ్దం చేస్తుంది. దీని విషం కూడా రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది.

పిల్ల పాములకూ పుట్టుకతోనే విషం ఉంటుంది. చిన్నదే కదా అని చేత్తో పట్టుకోరాదు. జెర్రిపోతుకు విషం లేదు, అది ఎలుకలను బాగా తింటుంది. దాన్ని తాచు అనుకుని చంపవద్దు.

ఎలుకలు తగ్గితే పాములు తగ్గుతాయి

ఇంటికి పాము వచ్చేది ఎక్కువగా ఎలుకలు, కప్పల కోసమే. ధాన్యం, దాణా మూత ఉన్న డ్రమ్ముల్లో ఉంచండి. కోళ్ల గూడు పడకగదికి దూరంగా ఉండాలి. పొలం గట్లు వీలైనంత సన్నగా, కలుపు లేకుండా ఉంచితే ఎలుకలు బొరియలు చేయడం తగ్గుతుంది.

ఎలుకలు ఎక్కువగా ఉంటే ముందురోజు సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయాలి. మర్నాడు తెరిచి ఉన్నవాటిలోనే ఎలుకలు ఉన్నట్టు. నూకలు 960 గ్రాములు, నూనె 20 గ్రాములు, బ్రోమోడయోలోన్ (0.25 శాతం) మందు 20 గ్రాములు కలిపి, 15 గ్రాముల పొట్లాలు కట్టి ఒక్కో బొరియలో ఒకటి వేయాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. బొరియలో చేయి పెట్టకుండా కర్రతో లోపలికి నెట్టాలి. పిల్లలు, కోళ్లు, పశువులకు మందు అందకుండా చూడాలి. చచ్చిన ఎలుకలను పూడ్చిపెట్టాలి. రైతులందరూ ఒకేసారి చేస్తేనే ఫలితం ఉంటుంది.

కాలు, చెయ్యి, పడక

• రాత్రి మోటారు వేయడానికి, నీరు మళ్లించడానికి వెళ్లేటప్పుడు టార్చి, కర్ర తప్పనిసరి. మోకాలి కింది వరకు వచ్చే గమ్ బూట్లు వేసుకుంటే చాలా కాట్లు తప్పుతాయి.
• స్టార్టర్ పెట్టె తెరిచే ముందు కర్రతో తట్టి, టార్చి వేసి చూడండి.
• గడ్డి కోసేటప్పుడు, వేరుశనగ కుప్ప, పత్తి కట్టె, పిడకలు తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించండి. చూడకుండా చేయి పెట్టవద్దు.
• ఇల్లయినా పొలం కాపలా అయినా మంచం మీదే పడుకోండి. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము నుంచి ఇది మంచి రక్షణ.
• చెప్పులు, బూట్లు, ఆరేసిన బట్టలు దులిపి వేసుకోండి.
• కట్టెలు, ఇటుకలు, పెంకులు ఇంటి గోడకు ఆనించి పేర్చవద్దు. గోడల పగుళ్లు, తలుపు కింది సందులు మూయండి.

ఇంటి చుట్టూ కార్బాలిక్ యాసిడ్, వెల్లుల్లి, గంధకం చల్లితే పాములు రావన్న నమ్మకానికి ఆధారం లేదు. యాసిడ్ మన చర్మాన్నే కాలుస్తుంది. పాము ఇంట్లోకి వస్తే పిల్లలను బయటికి పంపి, దూరం నుంచి దాని మీద కన్నేసి, అటవీ శాఖకు గానీ శిక్షణ ఉన్న పాములు పట్టేవారికి గానీ ఫోన్ చేయండి.

తేలు కుడితే

పెద్ద నల్లతేలు చూడటానికి భయంకరంగా ఉన్నా, దానికంటే చిన్నదైన ఎర్రతేలే ప్రమాదకరం. ముఖ్యంగా పిల్లలకు ప్రాణాపాయం. విపరీతమైన చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం, ఆయాసం, నోటి నుంచి నురగ కనిపిస్తే విషం గుండె మీద పనిచేస్తున్నట్టు. పాము విషానికి ఇచ్చే ఇంజెక్షన్ తేలుకు పనిచేయదు. ఎర్రతేలు కాటుకు ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్ర ప్రాణం కాపాడుతుందని మహారాష్ట్రలోని మహాడ్‌కు చెందిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు. దాన్ని డాక్టరు చూసి మాత్రమే ఇవ్వాలి. పిల్లలను తేలు కుడితే లక్షణాలు వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పాము కరిస్తే

1. పాముకు దూరంగా జరగండి. దాన్ని చంపడానికి, పట్టడానికి సమయం వృథా చేయవద్దు. వీలైతే దూరం నుంచి ఫోటో తీయండి.
2. ధైర్యం చెప్పండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ తీసేయండి. వాపు వస్తే అవి బిగుసుకుంటాయి.
3. కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా కర్రబద్ద ఆనించి వదులుగా కట్టండి. నడిపించవద్దు, పరుగెత్తించవద్దు.
4. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేలా ఉంటే దొరికిన బండి మీదే తీసుకెళ్లండి. మోటార్‌సైకిల్ అయితే ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి.
5. కరిచిన సమయం, తరువాత కనిపించిన లక్షణాలు డాక్టరుకు చెప్పండి.

తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పోయడం చేయరాదు. ఇప్పటికే తాడు కట్టి ఉంటే దారిలో విప్పకండి, డాక్టరే విప్పాలి.

పసరు మందుతో, మంత్రంతో బతికినవారు ఉన్నారు కదా అని చాలామంది అడుగుతారు. కరిచేవాటిలో చాలావరకు విషం లేని పాములు. విషపాము కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరుస్తుంది. అలాంటివారు ఏ మందూ లేకున్నా బతుకుతారు. విషం ఎక్కినవారికి మాత్రం మంత్రం దగ్గర గడిచిన ప్రతి గంటా ప్రాణానికే ముప్పు. పై నాలుగు పాములకూ ఒకే విషవిరుగుడు ఇంజెక్షన్ ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. కరిచిన వెంటనే లక్షణాలు లేకపోయినా ఒక రోజు డాక్టర్ల పరిశీలనలో ఉండాలి.

ఈ వారమే ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గరలో విషవిరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి ఏది, రాత్రి డాక్టరు ఉంటారా అని అడిగి తెలుసుకోండి. ఆ ఫోన్ నంబరు, రాత్రిపూట బండి ఇవ్వగలవారి నంబరు ఇంటి గోడ మీద రాసి పెట్టండి.