విదేశాంగమంత్రి చెప్పిన జవాబు

సభలో ప్రశ్న యనినంతనే మన కెల్లరకును ద్రౌపది జ్ఞప్తికి వచ్చును. ధర్మరాజు ముందుగా తన్ను తానోడి పిదప భార్యను పందెమొడ్డెనా, లేక భార్యనే ముందుగా నోడెనా యని యామె యడిగినది. అంతటి కురుసభలో భీష్ముడు సైతము ధర్మము మిక్కిలి సూక్ష్మమని చెప్పి తప్పించుకొనెనే కాని జవాబు చెప్పలేదు. అడిగినది స్త్రీ, అడిగినది తన బ్రతుకును గూర్చి. నేటి ఢిల్లీసభలలో ప్రశ్నలడుగుటకును జవాబులు చెప్పుటకును వేళ యేర్పఱుపబడి యున్నది. ఆ జవాబులలో విదేశాంగమంత్రి చెప్పునవి మన యిండ్లకెంత దూరమో, ఎంత దగ్గరయో తెలిసికొనవలయునను కోరిక మాకు ఈ నడుమనే కలిగినది.

దానికి కారణము మా వీథిలోని యొక యిల్లాలు. ఆమె భర్త కువైటులో కారు నడుపు పనికి పోయి రెండేండ్లయినది. మూడు నెలలుగా జీతము లేదనియు, పాస్‌పోర్టు యజమాని తనయొద్దనే ఉంచుకొనెననియు నాతడు ఫోనులో చెప్పెనట. ఒకనాటి మధ్యాహ్నము ఆమె మా వసారాలో కూర్చుండి, “అమ్మగారూ, పార్లమెంటులో ఎవరైనా అడిగితే విదేశాంగ మంత్రిగారు జవాబు చెప్పితీరాలంట గదా. ఆ జవాబు వల్ల మాబోటివాళ్లకి ఏమన్నా ఒరుగుద్దా అండీ?” అని యడిగినది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయితిమి. మా వారు బడిపిల్లలకు చూపుటకై పాత వార్తాపత్రికలను కట్టలుగట్టి అటకమీద నుంచుదురు. వానిని దించి నాలుగైదు దినములు చదివితిమి. అందు మా దృష్టి నంతయు నాకర్షించినది శ్రీమతి సుష్మాస్వరాజు గారు. 2014 మొదలు 2019 వఱకు విదేశాంగశాఖను వహించినవారు ఆమె. అంతకుముందు ఇందిరాగాంధీ గారు ప్రధానమంత్రిత్వముతో పాటు కొంతకాల మీ శాఖను చూచుకొనిరి గాని, కేవలము ఈ శాఖకే మంత్రియైన మొదటి స్త్రీ సుష్మాస్వరాజు గారే. తెలంగాణమువారు తన్ను చిన్నమ్మగా తలచుకొనవలెనని 2014లో లోక్‌సభలో చెప్పినదియు నీమెయే. (ఆంధ్రసోదరీమణులకు ఆ మాట రుచింపకపోవచ్చును, ఆ ప్రసంగ మిచట ననవసరము.)

మొదట ప్రశ్న లెట్లడుగుదురో చెప్పుదుము. సభ్యుడు పదునైదు దినములు ముందుగా ప్రశ్నను వ్రాసి పంపవలెను. వచ్చిన ప్రశ్నలు వందలకొలది. చీట్లు తీసినట్లు తీసి వరుస నేర్పఱతురు. నక్షత్రపు గుర్తుగల ప్రశ్నలకు మంత్రి సభలో నిలువబడి నోటితో జవాబు చెప్పవలెను. అవి దినమునకు ఇరువది మాత్రమే, అందును గంట గడచులోపల అయిదాఱింటికి మించి వంతు రాదు. గుర్తు లేని ప్రశ్నలకు జవాబులు అచ్చువేసి సభయందుంచుదురు. నక్షత్రపు ప్రశ్నకు ఘనత యెందువలన ననగా, మంత్రి జవాబు చెప్పినపిమ్మట సభ్యుడు దానినుండి మఱియొక ప్రశ్న నప్పటికప్పుడు లేవదీయవచ్చును. వ్రాసియిచ్చిన జవాబును చదువుట యెవరికైనను చేతనగును. మంత్రికి విషయము తెలియునో లేదో బయటపడునది ఆ రెండవ ప్రశ్నయొద్దనే. అత్తగారు కూర బాగున్నదని ఊరకొనక ఇందులో పోపెప్పుడు వేసితివని యడిగినట్లు!

“వివరములు సేకరింపబడుచున్నవి” యను జవాబొకటి కలదు. మేమిది తప్పించుకొను మాటయే యనుకొంటిమి. కాని అట్టి మాట మంత్రి నోట వచ్చెనా, అది వాగ్దానముగా లెక్కింపబడును. మూడు నెలలలో దానిని నెఱవేర్చవలెను. నెఱవేర్చెనా లేదా యని చూచుటకు లోక్‌సభలో 1953వ సంవత్సరము నుండి ఒక సంఘమే యున్నది. ఇంటిలో మగవారు “చూతములే” యని చెప్పిన మాటలకు కూడ నట్టి సంఘ మొకటి యుండిన నెంత బాగుండునో!

విదేశాంగమంత్రి నడుగు ప్రశ్నలలో నొక తెగ సహాయమును గూర్చినవి. నేపాళమున 2015 ఏప్రిలు 25వ తేదీని భూకంపము వచ్చి వేలాది జనులు మరణించిరి. రెండు నెలల కాఠ్మాండులో జరిగిన సభలో సుష్మాస్వరాజు గారు మనదేశము పక్షమున నూఱు కోట్ల డాలర్ల సహాయమును ప్రకటించిరి. వినుటకు గొప్పగా నున్నది. అయితే అందులో నాలుగవవంతు మాత్రమే ఉచితముగా నిచ్చునది. మిగిలినది తక్కువ వడ్డీకి అప్పు. కూతురికి పంపిన సారెను, వియ్యంకునికి చేబదులిచ్చిన సొమ్మును ఒకే పద్దున వ్రాసినట్లుండును. తప్పని యనలేము, కష్టములోనున్న యిరుగుపొరుగులకు అప్పును సహాయమే. కాని సభ్యుడు “ఎంత సహాయము చేసితిరి?” అని మాత్రమే యడిగిన నొక జవాబు, “అందు దానమెంత, అప్పెంత, నేటికి చెల్లించిన దెంత?” అని యడిగిన వేఱొక జవాబు వచ్చును. కాబూలులో మనవారు పార్లమెంటు భవనము కట్టించి 2015 డిశంబరులో నప్పగించిరి. హెరాత్ ప్రాంతమున సల్మా ఆనకట్టను 2016లో ముగించిరి. 2021 ఆగష్టులో తాలిబానులు కాబూలును పట్టుకొనిరి. ఆనకట్టలో నీరు నిలుచును గాని ఆ భవనమున పార్లమెంటు కూడుట లేదు.

రెండవ తెగ ఉద్యోగములు. ఇది మన తెలుగిండ్లలోనికి వచ్చు విషయము. కడపజిల్లానుండియు, గోదావరి మండలములనుండియు ఎందఱు స్త్రీలు కువైటునకు ఇంటిపనికి పోయిరో అచటివారెఱుగుదురు. పదవతరగతి దాటనివారు గల్ఫు మొదలగు పదునెనిమిది దేశములకు కూలికి పోవలెనన్న 1983వ సంవత్సరపు వలసచట్టము ననుసరించి ముందుగా ప్రభుత్వపు అనుమతి పొందవలెను. ముప్పదియేండ్లు నిండని స్త్రీకి ఇంటిపనికి అట్టి అనుమతి నీయరాదని నియమము. 2016లో ఇంటిపని స్త్రీలను ప్రభుత్వసంస్థల ద్వారమున తప్ప ఏజెంట్లు పంపరాదనియు నిర్ణయించిరి. మంత్రి సభలో ఈ నియమములన్నియు వరుసగా చదువును. అవి యన్నియు నిజమే. కాని ఊరిలోని ఏజెంటు చుట్టపుచూపు వీసామీద ఆమెను విమానమెక్కించును. అట్లు పోయినవారికి అనుమతి యడుగువారు లేరు. కావున ప్రభుత్వపు లెక్కలో వారు లేనేలేరు. లెక్కలో లేని స్త్రీని గూర్చి సభలో నడిగిన నేమి జవాబు రాగలదు? ద్రోణుని చెవిని బడిన ధర్మరాజు మాటయును నిజమే కదా! ఏనుగు చచ్చినదన్న సంగతి మాత్రము మెల్లగా ననెను, అంతే.

2016 వేసవిలో సౌదీ అరేబియాలో గొప్ప కంపెనీలు మూతపడి వేలాది మనవారు జీతములు లేక, తిండికిని లేక శిబిరములలో చిక్కుకొనిరి. ఆ వార్త వచ్చినంతనే పార్లమెంటులో గొడవ జరిగినది. జెడ్డాలోని మన కార్యాలయమువారు అచటి భారతీయుల తోడ్పాటుతో బియ్యము, పప్పులు పంచిరి, సహాయమంత్రిని పంపిరి. ఇట్టివారికై 2009లో నేర్పడిన సంక్షేమనిధి యొకటి కలదు. దిక్కులేనివారికి బస, తిరుగు టిక్కెట్టు, మరణించినవారి దేహమును ఇంటికి చేర్చుట మొదలగునవి దానినుండి చేయవచ్చును. మా వీథి యిల్లాలికి ఈ నిధి సంగతి తెలియదు. మాకును తెలియదు, ఆ కట్టలు విప్పువఱకు.

మూడవది రక్షణ. ఇందు గూర్చి చదువునప్పుడు మాకు రాత్రులు నిద్రపట్టలేదు. 2015 జులై నెలలో లిబియాదేశపు సిర్తు పట్టణమున విశ్వవిద్యాలయ మందు పాఠములు చెప్పుకొను మన తెలుగువా రిద్దఱిని సాయుధులు పట్టుకొనిపోయిరి. వారితోపాటు పట్టుబడిన కర్ణాటకపువారు ఇద్దఱు రెండు మూడు దినములలో విడుదలయైరి. మనవారు విడుదలయైనది 2016 సెప్టెంబరులో. పదునాలుగు నెలలు! ఉపాధ్యాయుని యిల్లాండ్రమగు మాకు ఆ హైదరాబాదు ఇల్లాండ్ర దినములు ఎట్లు గడచియుండునో ఊహించుట కష్టము కాలేదు.

అంతకన్న పెద్దది మోసూలు కథ. 2014 జూనులో ఇరాకుదేశపు మోసూలు నగరమును ఐసిస్ అను ముష్కరులు వశపఱచుకొనిరి. తిక్రీతులో చిక్కిన నలువదియాఱుగురు నర్సులు, మిక్కిలిగా కేరళమువారు, జులై నెలలో క్షేమముగా కొచ్చి చేరిరి. కాని మోసూలులో కట్టడపు పనిచేయు నలువదిమంది కూలీలలో ఒక్కడు మాత్రమే తప్పించుకొని వచ్చెను. తక్కినవారిని తన కన్నుల యెదుటనే కాల్చివేసిరని యతడు చెప్పెను. ఆ ముప్పదితొమ్మండుగురు పంజాబు, బీహారు, హిమాచలప్రదేశము, బంగాళము వారు.

సభలో మాటిమాటికిని అడిగిరి: వారున్నారా, లేరా? సుష్మాస్వరాజు గారు ఆ యొక్కని మాటను నమ్మలేదు. వారు బ్రతికియున్నారని వేఱువేఱు చోట్లనుండి తమకు సమాచారము గలదని 2014 నవంబరులో చెప్పిరి. 2017 జులైలో మోసూలు విముక్తి పొందిన పిదపకూడ, నిదర్శనము లేక మనిషిని చనిపోయెనని ప్రకటించుట పాపమనియు, ఆ పాపము తాము చేయమనియు లోక్‌సభలో చెప్పిరి. అప్పుడు ప్రతిపక్షమువారు కుటుంబములను మభ్యపెట్టుచున్నారని నిందించిరి. బాదూషు అను చోట ఒక మట్టిదిబ్బ క్రింద మూకుమ్మడిగా పాతిపెట్టిన దేహములు దొరికినవి. పొడుగైన వెండ్రుకలు, చేతి కడియములు, ఆ దేశపువి కాని బూట్లు కనబడినవట. బంధువులనుండి సేకరించిన రక్తపు నమూనాలతో పోల్చి చూచి నిర్ధారించిరి. 2018 మార్చి 20వ తేదీని మంత్రిగారు రాజ్యసభలో లేచి ముప్పదితొమ్మండుగురును మరణించిరని చెప్పిరి. లోక్‌సభలో ఆ మాట చెప్పనే లేకపోయిరి. అది ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకహోదా, కావేరి జలములు మొదలగువానిపై సభ దినదినమును అల్లరియగుచున్న కాలము. ఏప్రిలు 2వ తేదీని శవపేటికలు అమృతసరము చేరినవి. ముప్పదియెనిమిదియే, ఒకదాని పరీక్ష యింకను పూర్తికాలేదు.

కుటుంబములవారికి ఈ సంగతి ఎట్లు తెలిసినదనుకొనెదరు? టెలివిజనులో. సభలు కూడియున్న కాలమున నింతటి విషయమును మొదట సభకే తెలుపవలెనను మర్యాదవలన ముందుగా తెలుపలేదని మంత్రిగారు చెప్పిరి. మర్యాద మంచిదే. కాని నాలుగేండ్లు సౌభాగ్యచిహ్నములు ధరించుటయా, తీసివేయుటయా యని తెలియక గడపిన భార్యకు, సభకంటె నొక్క గడియ ముందు ఒక ఉద్యోగి గడపయొద్దకు వచ్చి చెప్పిన సభామర్యాద కేమి లోపము వచ్చును? ఈ యొక్కచోట మేము మంత్రిగారితో ఏకీభవింపజాలము. పాపమను ఆ మాటను గూర్చి మాత్రము మేమును మా వారును చాలసేపు వాదించుకొంటిమి. వట్టి ఆశపెట్టుట క్రౌర్యమని వారు. ఎవరో ఒక్కరి మాట నమ్మి తద్దినము పెట్టించిన పిమ్మట కొడుకు గుమ్మములో నిలిచిన నేమి చేయుదురని మేము. బ్రతికియున్నారని కాక, “తెలియదు” అని మొదటినుండియు చెప్పియుండిన బాగుండెడిదని తుదకు ఇద్దఱము ఒప్పుకొంటిమి. ఆ జవాబు మంత్రులకు మిక్కిలి కష్టమైన దని తోచుచున్నది. సుష్మాస్వరాజు గారు 2019 ఆగష్టు 6వ తేదీని స్వర్గస్థులైరి.

ఇంక మా వీథి యిల్లాలి మాట. ఆమెను మరల పిలిపించి కూర్చుండబెట్టి, మా పార్లమెంటు సభ్యునికి పంపుటకు ఒక కాగితము వ్రాసితిమి. మొదట ఆమె “మా ఆయన్ని కాపాడండి” అని వ్రాయుమన్నది. అది చాలదంటిమి. భర్త పాస్‌పోర్టు సంఖ్య, యజమాని పేరు, ఏ తేదీనుండి జీతము లేదు, ఏజెంటునకు కట్టిన దెంత, ఒడంబడిక నకలు కలదా, పోయినది ఏ వీసామీద — ఒక్కొక్కటే యడిగి వ్రాసితిమి. చివరి ప్రశ్నకు ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప నిజమే చెప్పినది, మేమును అట్లే వ్రాసితిమి. కువైటులోని మన రాయబారికి మఱియొక ప్రతి, సంక్షేమనిధిని పేర్కొని, పంపితిమి. పార్లమెంటు కూడుటకు ఇంకను రెండు నెలలున్నదని మా వారు చెప్పిరి.

కాగితములు పంపి పదునెనిమిది దినములైనవి. ఆమె దినమును సాయంకాలము వచ్చి ఏమైనా వచ్చెనా యని యడిగి, రాలేదని చెప్పినపిమ్మట మా పిల్లదానికి జడవేసి పోవుచున్నది.